నలభై మూడో ప్రశ్న

వెంకటేష్ పోయింది మంగళవారం. ఉదయం తొమ్మిది ఇరవైకి ప్రొద్దుటూరులో ఇంటి నుంచి స్కూటర్ మీద బయల్దేరాడు. పది గంటలకు జమ్మలమడుగులో యూనివర్సిటీ ఎంట్రన్స్ పిల్లలకు ఇంగ్లీషు క్లాసు. ముప్పై ఎనిమిది మంది వచ్చి కూర్చున్నారు. ఆయన రాలేదు. దారిలో వెనక నుంచి వచ్చిన లారీ గుద్ది, ఆగకుండా పోయింది.

సాయంత్రం పోలీసులు ఆయన సంచి తెచ్చి, భార్య శ్రీవాణి చేత సంతకం పెట్టించుకుని ఇచ్చారు. టిఫిన్ డబ్బా, కళ్లజోడు పెట్టె, పెన్సిలు, గమ్ము సీసా. ఆమె ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. ఇంగ్లీషు ప్రాక్టీస్ పుస్తకం లేదు. పుస్తకం లేకుండా ఆయన క్లాసుకు పోడు. లారీ గుద్దితే మనిషి పోతాడు, స్కూటర్ పోతుంది. పుస్తకం ఒక్కటే మాయం కాదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడవనూ లేదు. చూడవచ్చినవాళ్లు షాక్ తగిలిందన్నారు. అదీ నిజమే. వీధిలో అందరికీ ఆమె ఇన్సూరెన్స్ సర్వేయర్. వెంకటేష్‌కూ అంతే. తొమ్మిదేళ్లుగా ఇంటెలిజెన్స్‌లో ఫీల్డ్ ఏజెంట్ అన్న మాట భర్తకు చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. రిటైరయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి చెబుదామనుకుంది.

పదకొండో రోజు, శుక్రవారం ఉదయం, ఫోన్ మోగింది.

"కొర్రలు వచ్చినాయమ్మా."

"రాళ్లు ఏరినారా?"

"నువ్వే ఏరాల."

అది పిలుపు. శ్రీవాణి ముఖం కడుక్కుని బజారుకు బయల్దేరింది.

బాలకృష్ణయ్యకు ప్రొద్దుటూరులో బట్టల షాపు ఉంది. జిల్లాలో ఏజెంట్లందరికీ ఆయనే చీఫ్ అన్నది షాపులో పనిచేసేవాళ్లకు కూడా తెలియదు.

"రా పాపా, జాకెట్ గుడ్డలు లోపలుండాయి," అన్నాడు కౌంటర్ దగ్గర.

"సరే మామా."

లోపలి గదిలో ఆయన తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. "నిన్ను పిలవాల్నా వద్దా అని రెండు దినాలు ఆలోచించినా."

"బ్రీఫింగ్ చెప్పండి సార్."

"ఓరియన్. బయటి దేశపు ముఠా. ఈ జిల్లాలో కొందరు మనుషుల్ని పెట్టుకున్న్యారు. ఫోన్ వాడరు, నెట్ వాడరు. అయినా నెలనెలా ఆర్డర్లు అందుతాండాయి. ఎట్లనో తెలీదు. ఎల్లుండి ఆదివారం డాక్టర్ సైదున్నీసా వస్తాంది. క్షిపణి గైడెన్స్ సైంటిస్టు, పులివెందుల ఆడబిడ్డ. జమ్మలమడుగు కాలేజీలో ఎంట్రన్స్ పిల్లోళ్లకు ఫ్రీ మాక్ టెస్టు పెడతాండారు. ఈమె చేతుల మీద పేపర్లు పంచుతారంట. ఆయమ్మను ఎత్తుకపోవాలని ఓరియన్ ప్లాను."

"ప్రోగ్రాం ఆపొచ్చు కదా."

"చెప్పినాం. పిల్లోళ్లకు మాటిచ్చినా, వస్తా అంటాంది."

ఆయన ఇచ్చిన ఫైలులో చివరి కాగితం చిన్నది. పంపింది శిల్ప. పులివెందులలో ఓరియన్ కోసం పనిచేస్తూ, అందులో సగం సమాచారం డిపార్ట్‌మెంట్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. కాగితం మీద రెండే వాక్యాలు. 'ప్రొద్దుటూరు టీచరు ఒకాయన పుస్తకంలో తప్పులున్నాయని మూడుసార్లు ఫోన్ చేసినాడు. మావాళ్లు కంగారు పడుతున్నారు.' రాసిన తేదీ సోమవారం. ఆఫీసులో అందినట్టు స్టాంపు బుధవారం.

"పేరు రాయలేదు," అన్నాడు బాలకృష్ణయ్య నేల చూస్తూ. "రాసుంటే..."

"స్టాంపు బుధవారం సార్," అంది శ్రీవాణి. "పేరున్నా బుధవారమే."

శనివారం ఉదయం పులివెందులలో బస్సు దిగిన మనిషిని చూసి శ్రీవాణి అని ఎవరూ అనుకోరు. వెలిసిన నేత చీర, నూనె కారే జుట్టు, రబ్బరు చెప్పులు. కొండాపురం వైపు నుంచి వచ్చిన రైతు పెళ్లాం. చేతిలో టిఫిన్ క్యారియర్.

స్టడీ మెటీరియల్ షాపు ముందు మెరూన్ రంగు కారు ఉంది. షాపు లోపల సెంటు వాసన. శిల్ప నల్లద్దాలు తీయకుండానే చూసింది. ఆమెను చూడటానికే పుస్తకాలు కొనేవాళ్లు ఉన్నారని ఊళ్లో చెప్పుకుంటారు.

"ఏం కావాలమ్మా?"

"మా పాప ఎంట్రన్సు రాస్తాంది. ఇంగ్లీషుది. చదివి జవాబు రాసేది."

"జవాబులుండేదా, లేనిదా?"

"తప్పు జవాబులుండేది."

శిల్ప షాపు షట్టరు సగానికి దించింది. "మీవాళ్లు శానా లేటుగా వచ్చినారు."

"చెప్పు."

"పుస్తకం నాకు ప్రింటై వస్తాది. పది పాసేజీలు, యాభై ప్రశ్నలు. చివరి పేజీలో జవాబులు. కొన్ని కావాలనే తప్పు వేస్తారు. వాళ్ల మనిషి కాడ సరైన జవాబుల చీటీ ఉంటాది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. యాడ తేడా వచ్చిందో, ఆ ప్రశ్నకు జవాబు పాసేజీలో ఏ లైన్లో ఉందో చూసి, ఆ లైను మొదటి మాట తీసుకుంటాడు. మాటలన్నీ కలిపితే ఆర్డరు."

"తేడా ఒక్కటీ రాకుంటే?"

"ఈ నెల పని లేదని. ఇంట్లో పండుకుంటాడు."

"ఒక్కటే వస్తే?"

"పుస్తకం చెడిందని నా కాడికి వచ్చి ఇంకోటి అడుగుతాడు."

"ఈ నెల పుస్తకం ఇవ్వు."

"ఎవరివి వాళ్లు తీసుకపోయినారు. మిగిలినవి కాల్చమన్న్యారు, కాల్చినా. ఆ టీచరు సంచిలోది కూడా తెచ్చి ఈడే కాల్చినారు. చీటీ నాకెప్పుడూ ఇయ్యరు."

శ్రీవాణి క్యారియర్‌ను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఆయన ఫోన్ చేసింది నీకేనా?"

"నాకే. 'అమ్మా, పదకొండో ప్రశ్నకు బి కాదు, డి రావాల. పిల్లోళ్లు నమ్మి నేర్చుకుంటారు' అన్యాడు. సరిచేస్తాం సార్ అన్న్యా. వారం పొయినాంక మళ్లా చేసినాడు. మూడోసారి చేసినప్పుడు నా పక్కన ఇంకో మనిషి కూచోని ఉండె." శిల్ప నల్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని చారలు. "వాళ్లు ఆయన కోడ్ కనిపెట్టినాడనుకున్న్యారు. ఆయనకేం తెలుసు, పాపం. నీకేమైతాడు?"

"టీచరు," అంది శ్రీవాణి.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు చేరి, బట్టలు మార్చుకుని, ముజమ్మిల్ జెరాక్స్ షాపుకు వెళ్లింది. వెంకటేష్ పదేళ్లుగా పిల్లల పేపర్లన్నీ అక్కడే తీయించేవాడు. ముజమ్మిల్ స్టూలు లాగి వేశాడు.

"కూచోక్కా. సార్‌ది మాస్టర్ కాపీ నా కాడే ఉంది. నేనే తెచ్చిద్దామనుకున్న్యా. ఎట్ల రావాల్నో తెలీక రాల్యా."

రేకు డబ్బాలో నుంచి పుస్తకం తీశాడు. ఈ నెలది. ప్రింటు పుస్తకం. చివరి పేజీలో అక్కడక్కడా గోరంత కాగితం ముక్కలు గమ్ముతో అతికించి ఉన్నాయి. ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం.

"సోమవారం సాయంత్రం ఇది నా కాడ పెట్టి, క్లాసుకు ఒక జెరాక్సు తీసుకపోయినాడు. తప్పును కొట్టేసి పక్కన రాసే అలవాటు ల్యా సార్‌కు. కొట్టేసిన తప్పు కూడా పిల్లోని కంట్లో పడతాది, పడిందే గుర్తుంటాది అంటాండె. అందుకే కాగితం అంటిచ్చేది. జెరాక్సులో మచ్చ కూడా కనపడదు."

"ఎవరెవరు తీసుకుపోయారు?"

"ప్రొద్దుటూర్లో ప్రింటు బుక్కు ఎవరు కొంటారక్కా, అందరూ ఈడికే వస్తారు. లారీ తోలే నారాయణ కూడా వచ్చినాడు. వానిది వానలో తడిసిందంట. నీకెందుకప్పా ఇంగ్లీషు అంటే బిడ్డకు అన్యాడు." ముజమ్మిల్ నవ్వబోయి ఆగాడు. "వానికి ఇంకా పెండ్లే కాల్యా. మనకెందుకులే అని ఇచ్చి పంపినా."

"ఎప్పుడు?"

"మంగళవారం మధ్యాన్నం. లారీకి కొత్త బంపరు ఏపిచ్చుకోని వచ్చినాడు."

శ్రీవాణి పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. సంచి జిప్పు చివరిదాకా లాగింది.

ఇంట్లో స్టవ్ మీద నీళ్లు మరిగించి, ఆవిరి మీద పేజీ పట్టుకుంది. కాగితం ముక్కలు ఒక్కొక్కటే లేచాయి. ఐదు. వాటి కింద ఐదు తప్పు జవాబులు. పాసేజీల్లో ఆ లైన్లు వెతికి మొదటి మాటలు రాసుకుంది. పదకొండు. వంతెన. అంబులెన్స్. లారీ. వెనక.

పులివెందుల నుంచి జమ్మలమడుగు రావాలంటే పెన్నా వంతెన దాటాలి. పదకొండు గంటలకు అంబులెన్స్ ముందు అడ్డం వస్తుంది. లారీ వెనక అడ్డం పడి ఎస్కార్ట్ జీపును ఆపుతుంది. నారాయణ పని అది. బాలకృష్ణయ్యకు ఫోన్ చేసి చెబితే, ఆయన రెండు బండ్లకూ మనుషుల్ని పెట్టాడు. కానీ నారాయణ చేతిలో ఉన్నది ప్రింటు పుస్తకం కాదు. వెంకటేష్ దిద్దిన పుస్తకం. అందులో తప్పులు లేకపోతే అతనికి ఆర్డరే లేదు.

వెంకటేష్ ఒక్కటి కూడా వదిలిపెట్టలేదా? అది తేలాలి. ఒక్క తప్పు మిగిలినా నారాయణ పులివెందులకు పరుగెత్తుతాడు, ప్లాను మారిపోతుంది. ముందే అరెస్టు చేస్తే అంబులెన్స్ రాదు, ముఠా చెదిరిపోతుంది, ఇంకోరోజు ఇంకోచోట సైంటిస్టును పట్టుకుంటారు.

శ్రీవాణి చివరి పేజీ మీద గుడ్డ కప్పి, మొదటి పాసేజీ నుంచి మొదలుపెట్టింది. కాలేజీ వదిలాక ఎప్పుడూ ఇలా కూర్చోలేదు. పక్క గదిలో ఆయన పిల్లలకు చెప్పే మాట ఎన్నోసార్లు వింది. 'పాసేజీలో ఉన్నదే జవాబు. నీకు తెలిసింది కాదు. అలా ఉంటే బాగుండునని నువ్వు అనుకునేదీ కాదు.' తేనెటీగల మీద ఒక పాసేజీ, ఉప్పు మీద ఒకటి, ఎడారి రైలు మీద ఒకటి. చదివింది, గుర్తు పెట్టింది, మళ్లీ చదివింది. సాయంత్రం ఐదయ్యేసరికి వెంకటేష్ దిద్దిన జవాబులతో నలభై తొమ్మిది సరిపోయాయి.

నలభై మూడు దగ్గర ఆగిపోయింది.

గడియారాలు బాగుచేసే ముసలాయన కథ. షాపులో అన్నీ నడుస్తాయి, ఒక్కటి తప్ప. దాన్ని ఆయన ఎందుకు బాగుచేయలేదు? ఎ, దాని పార్టు దొరకలేదు. బి, మరిచిపోయాడు. సి, తెచ్చిన మనిషి మళ్లీ రాలేదు. డి, ఓపిక లేదు. ముద్రించిన జవాబు సి. పార్టు దొరకలేదనీ పాసేజీలో ఉంది. మనిషి రాలేదనీ ఉంది. ఏది కారణమో ముసలాయన చెప్పడు. కాగితం ముక్క అతికించలేదు. మార్జిన్‌లో వెంకటేష్ పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి, పక్కన 'మంగళవారం' అని రాసుకున్నాడు.

ఆమె దాన్ని తొమ్మిదిసార్లు చదివింది. తర్వాత మళ్లీ బాలకృష్ణయ్యకు ఫోన్ చేసింది.

"లారీ రాదు సార్. లారీ కోసం పెట్టినవాళ్లను అంబులెన్స్ వైపు మార్చండి."

"ఎట్ల చెప్తాండావు?"

"నారాయణ పుస్తకంలో తప్పులు లేవు. ఒక ప్రశ్న మీద అనుమానం ఉంది."

"ఎన్నింట్లో?"

"యాభైలో."

"మా కాలంలో ముప్పై ఐదొస్తే పాసు పాపా. సరే, మారుస్తా."

ఆదివారం ఉదయం పదిన్నర. పెన్నా వంతెన మధ్యలో, పిట్టగోడ పక్కన కొండాపురం రైతు పెళ్లాం బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడింది. టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో బొరుగుల ఉగ్గాని, నడిమి గిన్నెలో రేడియో, కింది గిన్నెలో పిస్టల్. చెవిలో బాలకృష్ణయ్య గొంతు.

"పది యాభై ఐదు. అంబులెన్స్ జమ్మలమడుగు సైడు నుంచి బయల్దేరింది. లారీ కనపడల్యా."

పది యాభై ఏడు. పులివెందుల వైపు నుంచి సైంటిస్టు కారు, వెనక ఎస్కార్ట్ జీపు వంతెన ఎక్కాయి. ఎదురుగా సైరన్. అంబులెన్స్ కారుకు అడ్డంగా ఆగింది. తెల్లకోట్లలో ఇద్దరు దిగారు. ఒకడు స్ట్రెచర్ లాగుతున్నాడు. రెండోవాడు కారు వెనక డోరు తెరిచాడు. వాడి అరచేతిలో సిరంజి.

శ్రీవాణి నడిచింది. పరుగెత్తలేదు.

"సార్, మా ఆయనకు లారీ తగిలింది. మీ బండిలో ఎక్కిచ్చుకోండి సార్."

వాడు తిరిగి కూడా చూడలేదు. "వేరే బండి చూసుకో పో."

"ఇంకేం బండి సార్," అంది. కింది గిన్నె తెరుచుకుంది. పిస్టల్ మొన వాడి చెవి వెనక ఆనింది. సిరంజి సైంటిస్టు మెడకు బెత్తెడు దూరంలో ఆగింది. వెనక లారీ లేదు కాబట్టి ఎస్కార్ట్ జీపు నేరుగా కారు పక్కకే వచ్చింది. నలుగురు దూకారు. స్ట్రెచర్ వాడు చేతులెత్తాడు. రోడ్డు మీద ఉగ్గాని చెల్లాచెదురైంది. టైము పదకొండు.

డాక్టర్ సైదున్నీసా పైటకొంగుతో మెడ తుడుచుకుంది. "టెస్టు పదకొండున్నరకు గదా? పోదాం పదండి. పిల్లోళ్లు కూచోని ఉంటారు."

చెవిలో బాలకృష్ణయ్య. "నారాయణ దొరికినాడు పాపా. ఇంట్లో గురక పెట్టి పండుకోని ఉన్న్యాడు. బేడీలేస్తాంటే ఏమంటాండాడో తెల్సునా? 'ఈ నెల తప్పులే ల్యాకపోయె గదప్పా' అంటాండాడు."

"లేవు," అంది శ్రీవాణి.

నారాయణ జేబులో దొరికిన చీటీని గంట తర్వాత కాలేజీ గేటు దగ్గర ఆమె చేతికి ఇచ్చారు. యాభై జవాబులు. నలభై మూడుకు సి. ఓరియన్ లెక్కలో అదే సరైన జవాబు. అది ఓరియన్ జవాబు, వెంకటేష్‌ది కాదు.

టెస్టు అయిపోయి పిల్లలు బయటికి వస్తున్నారు. ఆమె మామూలు చీర కట్టుకుని ఉంది. రెండు జడల అమ్మాయి దగ్గరికి వచ్చింది. వెంకటేష్ క్లాసులో ముందు బెంచీ అమ్మాయి, వనిత. పేరు ఆయన నోట చాలాసార్లు విన్నదే.

"మేడం, మీరు సార్ వాళ్ల ఇంట్లోవాళ్లు గదా? సార్ ఇచ్చిన పుస్తకంలో నలభై మూడు, గడియారాలది. నేను ఎ అన్న్యా, వీళ్లు సి అంటాండారు. సార్‌ను ఫోన్లో అడిగితే మంగళవారం చెప్తా అన్యాడు."

"చూసి చెప్తా," అంది శ్రీవాణి.

ఆ అమ్మాయి తలూపి వెళ్లిపోయింది.

ఓరియన్ ఫైలు మూసేశారు. ప్రాక్టీస్ పుస్తకం శ్రీవాణి ఇంట్లో బల్ల మీద ఉంది. నలభై మూడో ప్రశ్నకు జవాబు ముప్పై ఎనిమిది మంది పిల్లలకు ఇంకా చెప్పలేదు.