ఎమ్లిన్ పేరుకి ఇద్దరు పలికారు

"ఎమ్లిన్ ప్రాసర్!"

"ఉన్నాడు" అన్నాను నేను.

"ఉన్నాడు" అంది నా వెనకనుంచి ఓ ఆడగొంతు.

కొండమీద అందరూ తిరిగి చూశారు. పేర్లు చదువుతున్న ఆల్డర్సన్ టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది, ఆ అమ్మాయిని చూసింది, ఏం చెయ్యాలో తోచక తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మా ఊరి కొండకి గుద్దుకుని ఒక బాంబర్ విమానం కూలింది. శత్రువులేం కొట్టలేదు, శిక్షణకి వెళ్ళి తిరిగొస్తూ మంచులో దారి తప్పింది. అందులో చనిపోయిన ఏడుగురు కుర్రాళ్ళకీ ప్రతి ఫిబ్రవరిలో ఇలా పేర్లు పిలిచి హాజరు వేస్తాం. ఒక పేరుకి ఇద్దరు పలకడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కొండ దిగుతుంటే ఆ అమ్మాయి నా పక్కకొచ్చింది. ఎర్ర ఉన్ని టోపీ, చలికి కందిపోయిన ముక్కు, నన్ను నమిలి మింగేసేలా చూపు.

"మా ఎమ్లిన్‌కి పలకడానికి మీరెవరండీ?"

"మా ఎమ్లిన్ అంటున్నారు, ముందు మీరెవరు?"

"కారిస్ ప్రాసర్. ఎమ్లిన్ మా తాతయ్యకి సొంత అన్న. కొండెక్కే ఓపిక లేక తాతయ్య నన్ను పంపాడు. వేల్స్‌నుంచి చీకటితోనే బయల్దేరి వచ్చా."

"నేను నెడ్ మెట్‌కాఫ్. ఎమ్లిన్‌కి ఎప్పుడూ మేమే పలుకుతాం. మా నాయనమ్మ, ఆవిడ తర్వాత మా నాన్న, ఇప్పుడు నేను."

ఆమె ఠక్కున ఆగిపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. నా మొహం అటూ ఇటూ పరీక్షగా చూసి, చివరికి నా చెవుల దగ్గర ఆగింది.

"ఓహో" అంది. "అలాగా."

ఎలాగో నాకు అర్థం కాలేదు. ఆ పూట మొదలైన అయోమయం వారమంతా తీరలేదు.

మంచు ఎక్కువై కనుమ దారి మూసేశారు. కారిస్ ఊళ్ళోని సత్రంలో దిగింది. మర్నాటినుంచి రోజూ మా గొర్రెల దొడ్డికి రావడం మొదలుపెట్టింది. గడ్డిమోపు మోయబోయి దానికిందే పడింది. మా ముసలి పొట్టేలుకి తన టోపీ పెట్టి, "అచ్చం మీ ఊరి పాదిరిగారే" అంది. నేను పడీ పడీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ నా చెవుల వంక చూసి గప్‌చుప్ అయిపోయింది.

ఇంట్లో అద్దం ముందు నిలబడి చెవులు చూసుకున్నాను. రెండూ ఉన్నాయి.

"మీ నాయనమ్మ ఫోటో ఉందా?" అని ఓ రోజు అడిగింది కారిస్. "చాలా అందంగా ఉండేదేమో కదూ వయసులో?" అని ఇంకో రోజు. నా మీద ఇష్టం ఉంటే నన్ను అడగాలి గానీ చచ్చిపోయిన నాయనమ్మ అందం ఎందుకు?

ఇష్టం ఉందనే అనుకున్నాను. ఓ పూట తను మంచులో జారిపడబోతే చెయ్యి పట్టుకున్నాను. వదల్లేదు నేను, వదిలించుకోలేదు తను. మొహాలు బాగా దగ్గరికొచ్చాయి. అంతలో "ఇది తప్పు నెడ్" అని పరుగెత్తిపోయింది.

గుమ్మంలోంచి చూసిన మా అమ్మ, "ఏం చేశావురా?" అంది.

"ఏం చెయ్యలేదమ్మా."

"అందుకే పారిపోయింది."

దారి తెరిచిన రోజు కారిస్ వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. ముందు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. తాగకుండా కప్పుని అరచేతుల మధ్య తిప్పుతోంది. ఈ గడప దాటితే మళ్ళీ రాదని నాకు తెలిసిపోయింది.

"కారిస్, నేనేం తప్పు చేశానో చెప్పి వెళ్ళు."

"నువ్వేం చేశావు? చేసింది ఎమ్లిన్. నువ్వు ఆయన మనవడివి. నేను ఆయన తమ్ముడి మనవరాలిని. నువ్వు నాకు అన్నవవుతావు."

టీ పొలమారింది. దగ్గుతూనే అడిగాను, "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పాలా? తరతరాలుగా మీరే పలుకుతున్నారు. నీ చెవులు మావాళ్ళ చెవులే. ఆయనకి ఇటువైపు ఓ అమ్మాయి ఉండేదని మా ఇంట్లో ఎప్పట్నుంచో అనుకుంటారు. మీ నాయనమ్మే కదా?"

ఊరంతటికీ తెలిసిన సంగతి కాబట్టి లోకమంతటికీ తెలుసనుకోవడం మా వాళ్ళకి అలవాటు. నేనూ ఆ బాపతే. ఈమెకి అసలు సంగతి తెలీదని అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు.

"ఆ రోజు మంచు నడుం లోతు ఉందట. సైన్యం లారీ కొండెక్కలేకపోయింది. చనిపోయిన ఏడుగురినీ ఇక్కడి ఏడు ఇళ్ళవాళ్ళు తలా ఒకరిని మోసుకొచ్చి తమ ఇళ్ళలో ఉంచుకున్నారు. లారీ వచ్చేదాకా ఏ ఇంట్లో ఉన్నవాడు ఆ ఇంటివాడు. ఎమ్లిన్ మా ఇంటికొచ్చాడు, ఇది మా నాయనమ్మ పుట్టిల్లు. అందుకే మేం పలుకుతాం. మా నాయనమ్మ ఆయన్ని బతికుండగా చూడనే లేదు."

కారిస్ నోరు తెరుచుకుని చూసింది. "అయితే నువ్వు నాకేమీ కావా?"

"ఏమీ కాను. చెవులు మా అమ్మవైపువి."

ఆమె ఒక్క నవ్వు నవ్వి, వెంటనే మొహం వేలాడేసింది. "తాతయ్యకి రోజూ ఫోన్లో నీ గురించే చెప్పాను. మా అన్నకి మనవడున్నాడని పొంగిపోతున్నాడు. నిన్న పక్కింటివాళ్ళందరికీ కేకు పంచాడట. ఇప్పుడు కాదని ఎలా చెప్పను?"

"నేను చెబుతాను" అన్నాను.

కారిస్ వాళ్ళ తాతయ్య ఇద్వల్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది. "ఇద్వల్ గారూ, నేను నెడ్‌ని. మీ అన్నయ్యకి నేనేమీ కానండీ" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. అవతల ఉలుకూ పలుకూ లేదు. భయమేసి, చెప్పాలనుకోనిది కూడా చెప్పేశాను.

"మా నాయనమ్మకి అప్పుడు పదహారేళ్ళండీ. ఆయన్ని పడుకోబెట్టిన గదిలో నిప్పు రాజేసిందట. శవం ఉన్న గదిలో నిప్పేమిటని వాళ్ళ నాన్న ఆర్పేస్తే మళ్ళీ రాజేసిందట. జుట్టంతా మంచు పట్టేసింది, అలా ఎలా వదిలెయ్యమంటావని ఏడ్చిందట."

అప్పుడు వినిపించింది ముసలాయన గొంతు. "మా అమ్మ పోయేదాకా ఒకటే మాట బాబూ. నా బిడ్డ ఆ చలిలో ఒక్కడే పడున్నాడేమో అని."

"లేదండీ. మా ఇంట్లోనే ఉన్నాడు."

ఆయన ముక్కు చీదుకున్నాడు. "మనవడు దొరికాడనుకున్నా. ఆశే కదా, పోతే పోయింది. మావాడిని అంత బాగా చూసుకున్న ఇల్లది. రోజూ నీ ఊసే చెప్పిన మా పిల్లని అక్కడ ఇచ్చుకోవడానికి నాకేం దిగుల్లేదు."

కారిస్ చెవులదాకా ఎర్రబడి ఫోన్ దగ్గరికి వంగింది. "తాతయ్యా, అతను నన్నింకా ఏమీ అడగలేదు."

"వారంరోజులూ ఏం చేశాడే మరి?"

"నీ అన్న మనవడిగా ఉన్నాడు."

వాళ్ళమ్మనీ నాన్ననీ కూడా అడగాలేమో, ఉంగరం కావాలేమో, మంచి మాటలు కావాలేమో. నాకేమీ తోచలేదు. ముసలాయన ఫోన్లో వింటుండగానే ఆమె రెండు చేతులూ పట్టుకుని, "కారిస్, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఈసారి చెవుల జోలికి పోలేదు.

"తాతయ్యా, ఈ రాత్రికి నాకోసం ఎదురుచూడకు, నేను రావట్లేదు" అని ఫోన్ పెట్టేసింది.