ఎవరి పిల్లో

ఆదివారం సాయంత్రం కాలువ పక్కనున్న పాత తోటకి వెళ్ళాం. తెల్లదొరల కాలంనాటిది. ఎక్కడెక్కడి చెట్లో తెచ్చి నాటారు, ఒక్కోదానికీ రేకు బోర్డు మీద పేరు. మైలవరం నుంచి మా ఆడపడుచు రామతులసి వదిన వచ్చి ఉంది. మా అమ్మాయి సింధూరికి తొమ్మిదేళ్ళు. ముగ్గురమే వెళ్ళాం.

తోట చివర ఒక షెడ్డు. చుట్టూ ఇనప జాలీ, లోపల నీడలో పెరిగే మొక్కలు. అంత ఎండాకాలంలోనూ అక్కడ చల్లగా ఉంది. తడిమట్టి వాసన, దాని అడుగున కుళ్ళిన ఆకుల వాసన. లోపలివైపు జాలీకి ఒక తీగ అల్లుకుంది. పాలతెలుపు పువ్వులు. దాని బోర్డు తుప్పు పట్టిపోయి పేరు కనపడలేదు.

వదినకి అది కావాలనిపించింది. ఆఫీసులో అడుగుదామన్నాను. ఆవిడ నవ్వింది. అడిగి తెచ్చుకున్న మొక్క ఎక్కడైనా బతికిందా, దొంగతనంగా తెచ్చిందే ఏపుగా పెరుగుతుంది, పంతులమ్మవి ఆమాత్రం తెలీదా అంది. మా బాల్కనీలో మనీప్లాంటు అలా వచ్చిందే.

మా చేతులు జాలీలో పట్టలేదు. సింధూరి చెయ్యి పట్టింది.

"అమ్మా, కొయ్యకూడదని బోర్డుందిగా."

"నేను చెప్తున్నాగా. కొయ్యి."

తీగ తెగింది... అంత సన్నటి తీగకి అంత చప్పుడు రాకూడదు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళలో నా క్లాసు పిల్లవాడి తల్లీ తండ్రీ ఉన్నారు. మొన్ననే వాళ్ళని కూర్చోబెట్టి పెంపకం గురించి చెప్పాను.

అప్పుడు షెడ్డు లోపల్నుంచి ఒకావిడ జాలీ దగ్గరికి వచ్చింది. నా వయసే ఉంటుంది. కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకుని ఉన్నాయి. సింధూరి మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. మెల్లగా నన్ను అడిగింది.

"ఈ పాప మీ పాపేనాండీ?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"కాదండీ. ఎవరి పిల్లో."

సింధూరి తల తిప్పి నన్ను చూసింది. ఏడవలేదు. ఆ చూపు గురించి రాయలేను.

"అయితే సరే" అంది ఆవిడ.

పక్క చెట్టు బోర్డు చదువుతున్నట్టు వదినతో కలిసి నాలుగడుగులు అటు వేశాను. ఆగి చూసినవాళ్ళు వెళ్ళిపోగానే వెనక్కి వచ్చాను. జాలీ దగ్గర ఎవరూ లేరు.

షెడ్డు చుట్టూ తిరిగాను. తలుపుకి గొలుసు, తాళం. తలుపు సందుల్లో చెదపుట్ట పెరిగి పూడిపోయింది. లోపల చీకటి...

"సింధూ..."

"ఊఁ" అని పలికింది. నా పిల్ల గొంతు కాదు.

వాచ్‌మన్ జక్కయ్య పరుగున వచ్చాడు. ఆ తలుపు తీసి ఏళ్ళయిందట, లోపల పనిచేసేవాళ్ళు ఎవరూ లేరట. సెల్‌ఫోను లైటు వేశాడు. ఖాళీ కుండీలు. ఎండిన పుల్లలు. జాలీకి తీగ లేదు... పువ్వుల్లేవు... ఆ వాసన మాత్రం ఉంది.

సింధూరి గేటు దగ్గర బెంచీ మీద కనపడింది. వదిన పరిగెత్తి ఎత్తుకుంది. నేను చేతులు చాపాను. పిల్ల వదిన మెడ గట్టిగా పట్టుకుంది.

"ఈవిడెవరు అత్తా?"

భయపడింది, నెమ్మదిగా తగ్గుతుందన్నారు డాక్టరు. వాళ్ళ నాన్నని గుర్తుపడుతుంది. స్నేహితుల పేర్లన్నీ చెప్తుంది. నన్ను ఆంటీ అంటుంది. మర్యాదగానే. పెడితే తింటుంది. అక్కడ ఏం జరిగిందని మా ఆయన అడుగుతూనే ఉన్నారు. తప్పిపోయి బెదిరిందని చెప్పాం. నేనన్న మాట వదిన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

వదిన ఊరెళ్ళిపోయింది. రాత్రి మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. గదికి లోపల గడియ పెట్టి, సింధూరి పక్కనే పడుకున్నాను. పొద్దున లేచి, స్కూలుకి జడలు వేద్దామని అద్దం దగ్గర్నుంచి దువ్వెన తీసుకుని వెనక్కి తిరిగాను. సింధూరి లేచి కూర్చుని ఉంది. రెండు జడలూ నున్నగా అల్లి ఉన్నాయి.

గడియ పెట్టినట్టే ఉంది.

"జడలెవరు వేశారమ్మా?"

"అమ్మ."

గట్టిగా ఏదో అనబోయాను. పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా ఆంటీ... ఇప్పుడే పడుకుంది."

నేను లేచి వచ్చిన వైపు పరుపు ఇంకా కుంగే ఉంది.