అంటుకున్న బన్నులు

ఫోన్లో మాట్లాడేటప్పుడు మాటకి ముందూ వెనకా చూసుకోవాలి. చూసుకోకపోతే కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పిల్లకి అయినట్టే అవుతుంది. ఆ పిల్ల ఒక్క మాట అన్నందుకు ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు ఎర్ర సిలిండరు భుజాన వేసుకుని మూడంతస్తులు పరుగున ఎక్కి వచ్చాడు.

ఆ రోజు వాళ్ళ నాన్న బస్సు నడిపే ఆఖరి రోజు. ముప్పై రెండేళ్ళు నడిపాడు. సాయంత్రం నాలుగింటికి ఆఖరి ట్రిప్పు ముగించి వీధి మొదట్లో దిగి వస్తాడు. డిపో వాళ్ళూ, చుట్టాలూ, ఇరుగూ పొరుగూ ఇంట్లో ఎదురు చూస్తుంటారు. ఇంట్లోవాళ్ళు ముగ్గురితో కలిపి లెక్కకి అరవై మంది.

ఆయన నడిపే దారిలో ఒక సిగ్నలుంది. ఎర్ర లైటు పడ్డప్పుడల్లా డ్రైవరు సీట్లోంచి ఒక షాపు అద్దాల బీరువా కనిపిస్తుంది. అందులో అరచేతిలో ఇమిడే చీజ్‌బర్గర్లు, బుల్లి బుల్లివి, వరసగా పేర్చి ఉంటాయి. ఏడేళ్ళుగా ఇంటికొచ్చి వాటి గురించి చెప్పడమే గానీ దిగి తిన్నది లేదు. అక్కడ స్టాపు లేదు మరి. స్టాపు లేనిచోట బండి ఆపే రకం కాదాయన. పోనీ సెలవు రోజు వెళదామంటే, ఆ రోజు ఆ షాపుకీ సెలవే.

అందుకే పిల్ల పట్టుబట్టింది. నాన్న గడప తొక్కగానే తన చేత్తో చేసిన బుల్లి చీజ్‌బర్గరు ఆయన చేతిలో పెట్టాలి. వచ్చిన వాళ్ళందరికీ అవే పెట్టాలి. అరవై మందికి ఇంట్లో చేయడం నీ తరమా, వంటవాళ్ళకి చెబుదామని తల్లి నెత్తీ నోరూ బాదుకుంది. పిల్ల వింటేనా. బయటి వాళ్ళు చేసినవి పెట్టడానికైతే ఇక నేనెందుకమ్మా అంది.

రెండు వీధుల అవతలున్న బేకరీకి ఫోను చేసి అరవై చిన్న బన్నులు చెప్పింది. పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఎవరో పెట్టె తెచ్చి తల్లి చేతికిచ్చి వెళ్ళారు. మధ్యాహ్నం ఒకటిన్నరకి పెనం మీద మొదటి ఖీమా బిళ్ళ వేసి, పెట్టె మూత తీసింది. బన్నులు విడివిడిగా లేవు. పన్నెండేసి ఒకదానికొకటి కరుచుకుని అయిదు పలకల్లా ఉన్నాయి. పెట్టె మీదున్న నంబరుకి చేసింది.

"మీ బన్నులన్నీ అంటుకున్నాయండీ. ఇప్పుడు నేనేం చెయ్యను?"

అవతల బేకరీ అతను ఉలిక్కిపడ్డాడు.

"అంటుకున్నాయా? ఎన్ని?"

"అన్నీ. అరవైకి అరవై."

"ముందు గ్యాసు కట్టెయ్యండి. నీళ్ళు మాత్రం పొయ్యకండి, నూనె ఉంటే ఇంకా ఎగుస్తుంది. ఏ ఇల్లు మీది?"

"మూడో అంతస్తు, బస్సు డ్రైవరుగారిల్లు. బన్నుల మీద నీళ్ళెందుకు పోస్తానండీ..."

ఫోను ఎప్పుడో పెట్టేశాడు. ఈయనకి ఎండదెబ్బ గానీ తగిలిందా అనుకుంటూ, రెండు పలకలు బయటికి తీసి గట్టు మీద పెట్టుకుని, విడదీయడం ఎలాగా అని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడింది. ఆ చూడడంలో పెనం సంగతి మరిచిపోయింది. ఖీమా బిళ్ళ మాడి వంటింటి నిండా పొగ కమ్మింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడతను. కనురెప్పల మీద మైదా, ఒంటి మీద ఏప్రాను, చేతుల్లో బేకరీ గోడకి తగిలించి ఉండే మంటలార్పే సిలిండరు. పొగ కనిపించింది. ఇంకేం అడుగుతాడు. బుస్సుమని వదిలాడు.

పెనం తెల్లబడింది. గట్టు తెల్లబడింది. గట్టు మీది రెండు పలకలూ సున్నం కొట్టినట్టయ్యాయి. పొడి సర్దుకున్నాక ఆ పిల్ల కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అతణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"మంటేదండీ?" అన్నాడతను, నెమ్మదిగా.

"అంటుకున్నాయంటే ఒకదానికొకటి అంటుకున్నాయని."

అతను సిలిండరు వంక చూశాడు. బన్నుల వంక చూశాడు. ఆ తరువాత ఎక్కడ చూడాలో తెలియక నేల చూపులు చూశాడు. తల్లి గుమ్మంలో నిలబడి, నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఈ ఇంట్లో పొగా వచ్చింది, ఆర్పేవాడూ వచ్చాడు, నిప్పొక్కటే తక్కువంది.

పిల్ల అగ్గి మీద గుగ్గిలమైంది. ఇరవై నాలుగు బన్నులు బుగ్గిపాలయ్యాయని, గంట కొట్టినట్టు నాలుగింటికి నాన్న వస్తాడని, అరవై మందిలో ఇరవై నలుగురి చేతులు ఖాళీగా ఉంటే ఆ తలవంపులు ఎవరికని కడిగేసింది. అసలు అంటుకున్న సరుకు ఇవ్వడమేమిటని కూడా అంది.

అన్నీ తలొంచుకుని విన్నవాడు ఆ మాటకి మాత్రం తలెత్తాడు. అవి కావాలని అలా కాల్చినవేనన్నాడు. మంది ఎక్కువైనప్పుడు విడివిడిగా చేస్తే తెల్లారుతుందట. పలకని పలకలాగే అడ్డంగా కోసి, మధ్యలో ఖీమా పరిచి, మూతేసి కాల్చి, ఆఖర్న ముక్కలు చేస్తే పన్నెండూ ఒక్కసారే అయిపోతాయట. పెట్టెలో చీటీ రాసి పెట్టానన్నాడు.

చీటీ ఏదని వెతికారు. తల్లి మెల్లిగా బల్ల వైపు వెళ్ళి, ఊగకుండా కాలి కింద మడిచి పెట్టిన కాగితం లాగింది. గుండ్రటి అక్షరాలతో ఉంది: దయచేసి విడదీయవద్దు.

పిల్ల కోపం సగం అక్కడే దిగింది. మిగతా సగం దింపుకోవడానికి తీరిక లేదు. రెండు కావస్తోంది.

"మీ ఓవెన్లో ట్రే ఎంతది పడుతుంది?" అని అడిగాడు. చూపించింది. ఒకసారికి ఒక్క పలక. అతను వేళ్ళు ముడిచి లెక్క కట్టి, అవుతుందన్నాడు. సాయంత్రం అమ్మకానికి పొంగబెట్టిన పిండి బేకరీలో ఉంది, రెండు పలకలు కాల్చి తెస్తాను, ఈలోగా మొదలుపెట్టమని పని చెప్పాడు. ఖీమాని ట్రే నిండా ఒకే అట్టులా పరవాలి, పలక కన్నా నాలుగు వైపులా వేలెడు ఎక్కువుండాలి, కాలితే ముడుచుకుంటుంది. ఫోర్కుతో చిల్లులు పొడవాలి, లేకపోతే ఉబ్బుతుంది.

"పలకని అడ్డంగా కొయ్యడమే కష్టం. చెయ్యి వణికితే వంకర పోతుంది. నేనొచ్చాక కోస్తాను, మీరు ముట్టుకోకండి," అన్నాడు వెళుతూ.

ఆ మాట ఆ పిల్లకి చురుక్కుమంది. వెంట్రుకవాసి తేడా లేకుండా అద్దాలు అరగదీసే చెయ్యి అది. పళ్ళున్న పొడుగు కత్తి తీసుకుంది. ఊపిరి బిగబట్టింది. పలక ఈ చివర పెట్టిన కత్తి ఆ చివర తేలేసరికి పై పొరా కింది పొరా రెండూ సమంగా వచ్చాయి.

బయట వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. పిల్ల మనసు గడియారం మీద ఒక కాలు, కిటికీ మీద ఒక కాలు వేసుకుని నిలబడింది. మొదటి పలక అయింది. ఖీమా అట్టులోంచి ఊరిన కొవ్వు వంచేసి, చీజ్ ముక్కలు పరిచి, ఉల్లిపాయా, ఊరేసిన దోసకాయ చక్రాలూ వేసి, మూత పెట్టి, పైన వెన్న రాసి నువ్వులు చల్లి మళ్ళీ అయిదు నిమిషాలు. చీజు కరిగి అంచుల్లోంచి కారుతుంటే తల్లి కూడా వచ్చి వాసన పీల్చి, ఏమీ అనకుండా వెళ్ళింది. అది ఆమె మెచ్చుకోవడం.

మూడో పలక ఓవెన్లోకి వెళుతుండగా అతనొచ్చాడు. నెత్తి నుంచి పాదాల దాకా తడి ముద్ద. చేతుల్లో ట్రే. ట్రే మీద అతని రెయిన్‌కోటు. కోటు తీసి చూస్తే బన్నులు పొడిగా, వెచ్చగా, పక్కపక్కన ఒదిగి ఉన్నాయి. వాటిని చూసి, అతని జుట్టులోంచి కారుతున్న నీళ్ళు చూసి, పిల్ల తువ్వాలు తెచ్చిచ్చింది. అప్పుడే అతని చూపు గట్టు మీది కోసిన పలకల మీద పడింది.

"ఎవరు కోశారివి?"

"ముట్టుకోవద్దన్నారుగా. ముట్టుకోకుండానే కోశాను."

అతను నవ్వాడు. ఆ నవ్వుతో పాటు కనురెప్ప మీద తడిసిన మైదా జారి బుగ్గ మీద పడింది. చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పకుండా చూడడమే బాగుందనుకుంది.

మూడుంబావు నుంచి జనం దిగారు. గదుల్లో గొడుగులు, గుమ్మంలో చెప్పులు. వంటింట్లో మాత్రం ఇద్దరి చేతులకీ తీరిక లేదు. ఆమె పరిస్తే అతను మూత వేశాడు, అతను వెన్న రాస్తే ఆమె నువ్వులు చల్లింది. ఏడేళ్ళ సిగ్నలు కథ ఆమె చెబుతుంటే అతను కుంచె ఆపి విన్నాడు. చివరి పలక బయటికొచ్చేసరికి నాలుగవడానికి ఇంకా రెండే నిమిషాలు.

వీధి మొదట్లో హారను మూడుసార్లు మోగింది.

పిల్ల ఒక్క బర్గరు పళ్ళెంలో పెట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తింది. తడి టోపీతో నాన్న పైకొచ్చాడు. పళ్ళెం చూశాడు. ఏడేళ్ళు అద్దం అవతల చూసింది ఇప్పుడు అరచేతిలో ఉంది. కొరికాడు. నమిలాడు. అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"ఆ షాపువాడు కూడా ఇలా చెయ్యలేడు తల్లీ," అని, మీసానికంటిన చీజు తుడుచుకునే నెపంతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక పళ్ళేలు తిరిగాయి. ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు. ఆ సందట్లో పిల్ల వంటింట్లోకొస్తే అతను సిలిండరు భుజానికెత్తుకుని బయలుదేరుతున్నాడు.

"తినకుండా వెళతారా?"

"అరవై మందికి అరవై చేశాం కదండీ. నేను అరవై ఒకటో వాణ్ణి." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఒక మాట. మధ్యాహ్నం మీరు ఫోన్లో చెప్పిన సంగతి... ఇప్పుడు నిజంగానే అంటుకుంది."

పిల్ల పెదవి కొరుక్కుంది. "మంటా, జిగురా?"

"రెండూనండి."

"ఆర్పే ఉద్దేశం ఉందా?"

"లేదు."

"మరి ఆ సిలిండరు ఎందుకు మోస్తున్నారు?"

అతను దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. అయినా చప్పుడైంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో నాన్న, ఆయన భుజం మీదుగా తల్లి. ఎంతసేపటి నుంచి ఉన్నారో ఏమో.

నాన్న కూతురి మొహం చూశాడు. అద్దంలో వెనక సీటు దాకా అందరి మొహాలూ ముప్పై రెండేళ్ళు చూసినవాడు, ఎవరెక్కడ దిగుతారో మొహం చూసి చెప్పగలడు.

"ఇది నీ స్టాపేనా అమ్మలూ?" అన్నాడు.

పిల్ల తల ఊపింది.

"అయితే తొందరేం లేదు. బండి ఆపాను. చూసుకుని దిగు."

ట్రేలో ఇంకా కోయనివి రెండు మిగిలి ఉన్నాయి, తల్లిదొకటి, పిల్లదొకటి. తల్లి తనకాకలి లేదని, ఈ అబ్బాయికి పెడతానని, రెండింటినీ విడదీయబోయి కత్తి అందుకుంది. నాన్న ట్రే పక్కనే పడి ఉన్న చీటీ వంక చూసి, ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనివ్వవే. చీటీ చదవలేదూ?"