గాజు ట్యూబుల మహానుభావుడు

"ఏమండీ మహానుభావా! అవి కడగడం అయ్యాక మా ఇంట్లో అంట్లు కూడా ఉన్నాయి, వస్తారా?"

సింకు దగ్గర గాజు ట్యూబులు తోముతున్న అతను వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె ఒళ్లు మండింది. అతను ల్యాబులో చేరి నెల కాలేదు. వాడి పారేసే ప్లాస్టిక్ ట్యూబులు పెట్టెలకొద్దీ పడుంటే, ఈయనగారికి గాజే కావాలట!

ఆమె అక్కడ సీనియర్. మూడేళ్లుగా ఒకటే పని. లివర్లో మందుల్ని కరిగించి బయటికి పంపే ఎంజైమును, గంజాయి మొక్కలోని సీబీడీ అనే పదార్థం ఆపుతుందా లేదా తేల్చాలి. ఆపితే మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. రక్తం పలచన చేసే మాత్రలు వేసుకునేవాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆపదని ఆమె తేల్చింది. శుక్రవారం ప్రొఫెసర్ సరేనంటే పేపరు అచ్చుకు వెళ్తుంది, ఆమె డాక్టరేటు చేతికొస్తుంది.

గురువారం అతను నసుగుతూ వచ్చాడు. "మేడమ్, నా ట్యూబుల్లో ఎంజైము బాగా ఆగిపోతోందండీ."

"నీ హస్తవాసి అలాంటిది మరి!"

"అది కాదండీ. సీబీడీకి నీళ్లంటే పడదు కదా. ప్లాస్టిక్ గోడకి అతుక్కుపోతుందేమో. ఇక ఎంజైము దాకా చేరేదెంత?"

"అంటే మూడేళ్లు నేను గాడిదలు కాశానా?"

"అయ్యో, అలా అన్నానా? మీ ట్యూబుల్లో సీబీడీ ఎంత మిగులుతోందో ఒక్కసారి కొలవమంటున్నా."

"పెద్ద చెప్పొచ్చావు. వెళ్లి తోముకో."

వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ శుభ్రంగా ఆరిన గాజు ట్యూబులు పదకొండు ఆమె బల్ల మీద పెట్టి మరీ వెళ్లాడు. ఎంత పొగరు!

ఆ పొగరు దించాలనే ఆమె కొలిచింది. మర్నాడు అందరి ముందూ అతన్ని కడిగేయాలని ఆత్రం. తీరా చూస్తే ప్లాస్టిక్‌లో పోసిన సీబీడీలో సగం పైగా మాయం. గాజులో పోసింది ఉన్నదున్నట్టు ఉంది, ఎంజైమేమో చతికిలబడింది. ఆమెకు ఏడుపొచ్చింది. పోయి పోయి అతనే చెప్పినందుకు ఇంకాస్త ఎక్కువ వచ్చింది.

శుక్రవారం పొద్దున మీటింగులో అందరి ముందూ లేచి నిలబడింది. "నేను తేల్చింది తప్పు సార్. సీబీడీ ఎంజైమును ఆపుతుంది. అది సగం పైగా ప్లాస్టిక్‌కే పట్టేసింది, నేను చూసుకోలేదు. పట్టుకున్నది ఆయన."

ప్రొఫెసర్ కళ్లజోడు తీశారు. "మళ్లీ మొదలెట్టాలమ్మా. ఇంకో ఏడాది."

"చేస్తాను సార్."

సాయంత్రం సింకు దగ్గర అతన్ని నిలదీసింది. "నువ్వే సార్‌కి చెప్పొచ్చుగా? పేరొచ్చేది."

"మీ పనండీ అది. మీరు తప్పు దాచరని తెలుసు." అతను ట్యూబునే చూస్తూ గొణిగాడు. "పైగా, మీరు తిట్టని రోజు నాకు తోచదు. మీరంటే ఇష్టమండీ."

"ఛీ! ప్రేమ ముచ్చట్లు చెప్పడానికి సింకే దొరికిందా?" అంది గానీ ఆమె చెంపలు వేడెక్కాయి. పొద్దున అందరి ముందూ పరువు పోయిన మనిషికి ఇంత సంతోషమేమిటో అర్థం కాలేదు.

"మరి మా అమ్మకి ఏమని చెప్పను?"

"నోరున్న కోడలు వస్తోందని చెప్పు. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

అతని చేతిలోని బ్రష్ లాక్కుంది. "ఇటివ్వు. అడుగున మరక చూడు, ఎలా వదిలేశావో! మూడేళ్ల పని ఏడాదిలో చేయాలి, నీకేమో తోమడం కూడా రాదు."