పడుకోబెట్టే పాఠం

"మీరు నన్ను మోసం చేస్తున్నారు," అంది సర్వే అమ్మాయి.

పిల్లల ఆసుపత్రి వరండాలోకి వానజల్లు కొడుతోంది. లిఫ్టు మెకానిక్ మేనకోడల్ని భుజం మీద సర్దుకున్నాడు. తన అక్క పోయిన దగ్గర్నుంచి ఆ పిల్లకు అన్నీ అతనే.

పిల్లల పెంపకం నేర్పే పాఠాలు డాక్టరమ్మ అతని ఫోన్‌లో పెట్టించింది. అవి పనికొస్తున్నాయో లేదో తేల్చడం ఈ అమ్మాయి ఉద్యోగం.

"నేనేం చేశానండీ?"

"అన్నీ వదిలేసి పడుకోబెట్టే పాఠం ఒక్కటే రోజూ పెడుతున్నారు. చూస్తున్నారా, ఫోన్ పక్కన పడేసి గురక పెడుతున్నారా?"

"నేను కాదు. ఇది వింటోంది."

"పాఠం మీకండీ బాబూ! పిల్లకి కాదు!"

"తెలుసు. ఆ గొంతు వినకపోతే ఇది కన్ను మూయదు. వాళ్లమ్మ కోసం ఒకటే ఏడుపు."

ఆమె కోపం దిగిపోయింది. ఆ పాఠం చదివి రికార్డు చేసింది తనే.

"ముక్కు దిబ్బడతో చదివానది."

"మీ గొంతని మొదటి రోజే పోల్చాను. అప్పుడే ఏడుపు ఆపిన మనిషి మాట్లాడినట్టుంటుంది. మా ఇంట్లో అందరి గొంతూ అంతే."

ఆమె నవ్వలేదు.

"ఇలా వాడితే మీ లెక్క చెల్లదు. మిమ్మల్ని ఈ పరీక్షలోంచి తీసేయాలి. తీసేస్తే పాఠాలూ ఆగిపోతాయి."

"నన్ను తీసేయండి. ఆ ఒక్కటీ ఉంచండి."

"నా చేతిలో లేదండీ."

"అయితే అబద్ధం రాయొద్దు. కానివ్వండి."

ఆమె తలొంచుకుని ట్యాబ్ మీద వేలు పెట్టింది. అతని ఫోన్‌లో పాఠాలు మాయమయ్యాయి. అతను వానలోకి దిగాడు.

"ఆగండి!" గొడుగుతో వెనకే వచ్చింది. "పిల్ల తడుస్తోంది."

"మీకు పని లేదా?"

"పరీక్షలో ఉన్నవాళ్లతో మాకు స్నేహాలు కుదరవు. అదీ రూలు. అందుకే ఇన్నాళ్లూ టీ తాగుతారా అని కూడా అడగలేదు."

"అడగాలనుకున్నారా?"

"మీరు మాత్రం? అన్ని కుర్చీలు ఖాళీగా ఉంటే నా ఎదురుగానే ఎందుకు కూర్చునేవారు?"

పిల్ల ఏడుపు మొదలెట్టింది.

ఆమె దగ్గరగా జరిగి, పాఠంలోని మాటలే మెల్లగా చెప్పింది. "దీపం తగ్గించండి. పిల్ల పక్కన కూర్చోండి. తొందరపడకండి..."

పిల్ల ఏడుపు ఆపి ఆమె నోటికేసి చూసింది. చెయ్యి చాపి గొంతు తడిమింది. ఆమెకు ఏడుపొచ్చేసింది. పాఠం మధ్యలో ఆగింది.

మిగతాది మెకానిక్ చెప్పాడు. అతనికది కంఠతా వచ్చు.

"ఏడిస్తే ఏడవనివ్వండి," అన్నాడు ఆమెనే చూస్తూ. "లేచి వెళ్లిపోకండి."