మూడో మలుపులో జవాబు

ఆ ఆరంతస్తుల ఆఫీసు భవనంలో, పై అంతస్తు ఏసీ గాలి గొట్టం మూడో మలుపంటే ఎంతటివాడికైనా గుండె గుభేలుమనేది. అక్కడ ఏదో ఉందనేవారు... ఏముందో చూసినవాడు మాత్రం లేడు.

ఇది మా బావ చెప్పిన మాట. గొట్టాల్లో దూరి దుమ్ము తీయడం ఆయన పని.

అలాంటి మలుపుల కోసమేనంటూ ఆయన కంపెనీ ఒక రోబోని కొన్నది. చక్రాలు, బ్రష్షు, ముందు ఒక కెమెరా. దాన్ని ఎప్పుడు వాడాలో తేల్చడానికి మేనేజరుగారు మీటింగు మీద మీటింగు పెట్టి, చివరికి ఒక మహా సత్యం కనిపెట్టారు — చూడ్డానికొచ్చే పెద్దల ముందు, వెడల్పాటి గొట్టంలో రోబో... ఇరుకు మలుపుల్లో మనిషి! లేకపోతే రోబోకి గీతలు పడతాయట, పాపం. మా అక్కకి నెలలు నిండాయి. ఆమె మొగుడి ఒంటిమీద గీతలు ఎవడికి కావాలి?

ఆ సాయంత్రం ఆఫీసులు మూశాక బావ లోపలికి దూరాడు. వాళ్లకో అలవాటుంది. లోపలివాడు రేకు మీద రెండుసార్లు తడతాడు — నేను బాగానే ఉన్నాను, నువ్వున్నావా అని. బయటివాడు రెండు తట్టి జవాబివ్వాలి. ఆ రోజు బయటున్నది ఆయన జోడీ, పొట్టోడు.

మూడో మలుపు... తలమీది దీపం వెలుగు దుమ్ములో మూరెడు దూరం కూడా పోవడం లేదు. బావ తట్టాడు.

టక్... టక్...

వెనక నుంచి పొట్టోడి జవాబు వచ్చింది.

ఆ తర్వాత... ముందు నుంచి.

టక్... టక్...

ముందు ఎవరూ లేరు. ఉండే వీల్లేదు. బావ మళ్లీ తట్టాడు. మళ్లీ ముందు నుంచి అదే జవాబు... ఈసారి దాని వెంట సన్నటి మూలుగు. అక్క ముఖం కళ్లముందు మెదిలింది. పాకుతూనే వెనక్కి వచ్చేశాడు.

"దెయ్యమా?" మేనేజరు తన గదిలో పగలబడి నవ్వాడు. "సరే, మీ పిరికితనం వదిలిస్తా. రోబోని పంపండి."

బావ, పొట్టోడు, మేనేజరు ముగ్గురూ రోబో కెమెరా చూపించే తెర ముందు నిలబడ్డారు. మలుపు దాటీ దాటగానే రోబో ఆగిపోయింది. అక్కడ గొట్టానికి అడుగు లేదు... తుప్పుపట్టిన రేకు ఒకటి ఒంటి బోల్టు మీద వేలాడుతోంది. బావ తట్టినప్పుడల్లా ఊగి, పక్క గోడకు కొట్టుకుంటూ మూలిగింది అదే. దాని కింద — ఆరంతస్తుల నిలువు చీకటి.

"ఇంకొక్క మూర పాకి ఉంటే..." పొట్టోడు గొణిగాడు.

మేనేజరు ముఖం పాలిపోయింది. "అమ్మో! ఎంత గండం గడిచింది!"

ఎంతైనా మనిషే కదా అనుకున్నాడు బావ.

"ముందు దాన్ని వెనక్కి లాగండయ్యా! పడిపోతే ఇంకేమన్నా ఉందా? ఇకమీదట ఆ మలుపులోకి రోబోని పంపొద్దు... మనుషుల్నే పంపండి."

గొట్టంలో రాని వణుకు బావకి అప్పుడొచ్చింది. మోకాళ్ల తొడుగులు విప్పి మేనేజరు బల్ల మీద పెట్టాడు. వంగి, ఆ బల్ల మీదే తట్టాడు.

టక్... టక్...

"లోపల ఎవరైనా ఉన్నారా సార్?" అన్నాడు మెల్లగా.

కాసేపు చూశాడు. గొట్టంలో తుప్పు రేకైనా పలికింది. అక్కడ ఏ చప్పుడూ లేదు.