బాపు ‘ఊ’ అన్నాడు

జడ్చర్లలో మా కిరాయి ఇంటి వెనక గోడ దాటితే ఇక ఊరు లేదు. ఖాళీ ప్లాట్లు, హద్దురాళ్లు, మధ్య మధ్య తుమ్మచెట్లు. పగలు మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, పొద్దుగూకాక నవల. నవల అంటే మా ఇంట్లో నవ్వులాటే. “నువ్వు ఒక్క నవల రాసేలోపల మా అమ్మ రెండు పంటలు తీసింది” అంటుంది నా భార్య శోభ. నిజమే, కాదని ఎట్లా అనను?

రాసింది చెవికి ఒప్పాలని నా పట్టు. అందుకే ప్రతి అధ్యాయం పైకి చదువుతాను, గొంతులు మార్చి మరీ. వినేది మా బాపు గుర్వయ్య. ఒకప్పుడు ఎండాకాలమంతా గొర్లమందతో అమ్రాబాద్ అడవిలో గడిపిన మనిషి. కిందటేడు పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. మాట పోయింది. మిగిలింది ఒక్క ‘ఊ’. నేను వాక్యం ఆపిన చోటల్లా మంచంలోంచి ‘ఊ’ అంటాడు. బాపు నన్ను పేరు పెట్టి పిలిచి ఏడాది దాటింది. ఇంకొక్కసారి పిలిస్తే చాలు, నవల అచ్చు కాకపోయినా బాధ లేదని ఎందరు దేవుళ్లకు మొక్కానో!

ఆరోజు శోభ చిట్యాలలోని పుట్టింటికి వెళ్ళింది. బాపుకు జావ పట్టించి, ఫోన్లో రాసుకున్న కొత్త అధ్యాయం తీశాను. అది బాపు కథే. వయసులో ఉండగా బాపు, తమ్ముడు లింగయ్య అడవిలో మంద దగ్గర పడుకున్నారు. చీకట్లో ఎవరో బాపును పేరు పెట్టి పిలిచారు. బాపు పలకలేదు. తర్వాత లింగయ్యను పిలిచారు. ఆయన పలికాడు. లేచి ఆ పిలుపు వెంట పోయాడు. మళ్ళీ దొరకలేదు.

“చీకట్ల ఎవలన్న పిలిస్తే మూడోసారికిగని పలకొద్దు బిడ్డా. మనిషైతే మూడోసారి పిలుస్తడు. అది పిలువది” అనేవాడు బాపు. ఆ గొంతు ఎట్లా ఉండేదని అడిగితే మాత్రం “మనకెందుకు తియ్” అని మాట మార్చేవాడు. నవలకేమో ఆ గొంతే ప్రాణం. వారం రోజులు పనికి పోయే బస్సులో కూర్చుని ఆలోచించి నేనే కల్పించాను. అన్నం వేళకు పిల్లవాణ్ణి పిలిచే తల్లిలా, ముద్దుగా, చివర కాస్త సాగదీసి.

చదువుతుండగా కరెంటు పోయింది. ఫోన్ వెలుగు ఉందిగా అని ఆపలేదు. పిలుపు దగ్గరికి రాగానే గొంతు మార్చాను.

“గుర్వయ్యా...”

“ఊ” అన్నాడు బాపు.

నాకు నవ్వొచ్చింది. కథకు ఊ కొట్టాడో, పేరుకు పలికాడో తెలియలేదు. మళ్ళీ చదవబోయాను. బయట కుక్కల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తడిసిన గొంగడి వాసన లోపలికి వచ్చింది. మేము గొర్లు అమ్మేసి పదేళ్లు.

“గుర్వయ్యా...”

నేను కాదు. వెనక ప్లాట్ల వైపు నుంచి. నేను కల్పించిన గొంతే. చివర అదే సాగదీత.

“ఊ” అన్నాడు బాపు.

“బాపూ... పలకకు” అన్నాను. నా మాట నాకే వినిపించలేదు. పలికినవాడు లేచి పోతాడు కదా, బాపు లేవలేడు, కాబట్టి ఏమీ కాదని నాకు నేను చెప్పుకున్నాను. పక్షవాతం మేలు చేసిందని కూడా అనుకున్నాను, పాపిష్టివాణ్ణి.

“గుర్వయ్యా...” ఈసారి కిటికీ దగ్గర. అప్పుడు అర్థమైంది. బాపు పోలేడు. అదే వస్తోంది.

రెండు చేతులతో బాపు నోరు మూశాను. నా అరచేతుల కింద పెదవులు కదల్లేదు. ఊ అనడానికి నోరు తెరవాల్సిన పని లేదు... ఆ శబ్దం గొంతులోంచి వచ్చి నా వేళ్లకు తగిలింది.

తర్వాత ఏ పిలుపూ లేదు. గొంగడి వాసన మాత్రం తెల్లారేదాకా మంచం చుట్టూ ఉంది.

పొద్దున బాపు మామూలుగానే జావ తాగాడు. గిన్నె తీసుకుని లేచాను.

“నాగేందరా.”

నా పేరే. ముద్దమాట కాదు. మందను అదిలించిన నాటి గొంతు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘ఏంది బాపూ’ అనే మాట పెదవుల దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను.

“నాగేందరా.”

మూడోసారి పిలువు బాపూ, నీ కాళ్లు మొక్కుతా, ఇంకొక్కసారి పిలువు అని లోలోపల మొత్తుకున్నాను. పిలవలేదు. నా వైపే చూస్తూ పడుకున్నాడు.

శోభకు ఫోన్ చేసి అంతా చెప్పాను. “మామకు మాటొచ్చిందా! పలకకుండ నిలబడ్డవా? నవల రాసి రాసి నీకే గాలి సోకింది” అని తిట్టి, బస్సెక్కి దీపాల వేళకు దిగింది. వాకిట్లోనే ఆపి మళ్ళీ చెప్పాను. “సరే తియ్యి, మూడుసార్లు పిలిచినంకనే పలుకుత” అని నవ్వి, మంచినీళ్లకు వంటింట్లోకి పోయింది.

“శోభా” అన్నాడు బాపు.

“ఊ... వస్తున్న మామా.”

అలవాటు. నోరు జారిందని తనకూ తెలిసింది, నన్ను చూసి నాలుక కరుచుకుంది. అయినా లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది.

బాపు చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, తడబాటు లేకుండా. శోభ ఊ కొడుతోంది. “శోభా, బయటికి రా” అన్నాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి అరిచాను. “ఊ” అంది, నాకు కాదు, బాపుకు.

అప్పుడు బాపు మాటలు చెవిన పడ్డాయి. అవి నేను మనసులో కూర్చుకున్న వాక్యాలు. లింగయ్య భార్య చీకట్లో లేచి భర్తను వెతుక్కుంటూ అడవిలోకి పోయే అధ్యాయం. నేనింకా ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

శోభ ఊ కొడుతూనే లేచింది. వెనక తలుపు గడియ తీసింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఆపలేకపోయాను, నన్ను కూడా ఈడ్చుకుంటూ గడప దాటింది. బాపు చెబుతూనే ఉన్నాడు. ఆ అధ్యాయంలో ఆమె ఎందాకా పోతుందో నేనింకా అనుకోలేదు.